శిక్షణ పొందని చేయి

శుక్రవారం మధ్యాహ్నం పసుపుపచ్చ సంచి మూతి కడుతుంటే లోపల ఏదో కదిలినట్టనిపించి ఇన్నమ్మ ముడి విప్పింది. చచ్చిపోయాయని రిజిస్టరులో రాసిన ఆరు ఎలుకల్లో ఒకటి ఇంకా ఊపిరి పీలుస్తోంది. పశువైద్యుడు ప్రేమ్‌చంద్ పరుగున వచ్చి దాని బాధ ముగించాడు. ఆ ఆరింటినీ గ్యాస్ పెట్టెలో ఉంచింది రీసెర్చ్ ఫెలో హరిత. చనిపోయాయని సంతకం పెట్టిందీ తనే. అయినా ఆదివారం సాయంత్రానికల్లా నింద ఇన్నమ్మ వైపు తిరిగింది. సోమవారం పదింటికి కమిటీ కూర్చుంటుందని, ఇన్నమ్మను కూడా రమ్మన్నారని హరితకు ఫోన్ వచ్చిన చోట మనం ఆగాం.

*

సోమవారం ఉదయం హరిత చాట్రాయి బస్సు దిగి పరిశోధన కేంద్రం గేటు దాటేసరికి ఇన్నమ్మ అప్పటికే మీటింగ్ హాలు బయట గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రోజూ వేసుకునే నీలం కోటు లేదు. చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. తలకు నూనె రాసి గట్టిగా ముడి వేసుకుంది.

"కూర్చోండి ఇన్నమ్మక్కా. వాళ్ళు పిలవడానికి ఇంకా టైముంది."

"వద్దమ్మా. కూర్చుంటే మళ్ళీ లేవలేను." ఆమె గొంతు తగ్గించింది. "నన్నేం అడుగుతారమ్మా? నాకు రాయడం రాదు కదా, ఏదన్నా కాయితం మీద వేలిముద్ర వేయమంటారా?"

ఇన్నమ్మ ఆరేళ్ళుగా ఇక్కడి జంతువుల గదిలో పనిచేస్తోంది. అంతకు ముందు తోటల్లో కాయలు ఏరేది. పంజరాలు కడగడం, మేత వేయడం, నీళ్ళ సీసాలు మార్చడం ఆమె పని. ఎలుకలను చంపే పెట్టె దగ్గరికి వెళ్ళే అధికారం ఆమెకు లేదు. ఎప్పుడూ వెళ్ళలేదు కూడా. ఆ సంగతి ఈ భవనంలో అందరికంటే బాగా తెలిసింది హరితకే.

వరండా చివర నుంచి శ్రీధర్ చేయి ఊపాడు. మామిడి పూతకు కొట్టే మందును ఎలుకల మీద పరీక్షించే ప్రాజెక్టుకు ఆయనే హెడ్. హరిత వెళ్ళింది. ఆయన ఆమెను మెట్ల కిందికి తీసుకుపోయాడు.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు. అడిగితే పద్ధతి ప్రకారం చేశానని చెప్పు, చాలు. నువ్వు బయటికెళ్ళినప్పుడు ఇన్నమ్మ తొందరపడి పెట్టె తెరిచింది. అంతే."

"తెరవలేదు సార్. పెట్టె తెరిచింది నేనే."

"చూడు హరితా." శ్రీధర్‌ది కోపం కాదు. అలసట. రెండు రాత్రులు నిద్రలేని కళ్ళు. "పూతమందు ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క ఎలుక మీద ఆగిపోతుంది. నీ పీహెచ్‌డీ పోతుంది. ఇంకా పదకొండు మంది పిల్లలున్నారు. ఇన్నమ్మకేముంది? సీజన్ కదా, తోటల్లో పని దొరుకుతుంది. నేనే చెప్పి పెట్టిస్తాను."

ఆయన చెప్పిన మాట హరితకు నచ్చలేదు. కానీ ఆ మాట విన్నాక భుజాల మీది బరువు కొంచెం దిగినట్టయిందే, అది తన మనసుకు తెలుసు. అందుకే ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

*

హాల్లో బల్లకు ఆ చివర డైరెక్టరు మేడమ్ కూర్చున్నారు. పక్కన ప్రేమ్‌చంద్. ఆయన ఈ కేంద్రంలో ఉద్యోగి కాదు. హనుమాన్ జంక్షన్‌లో సొంత క్లినిక్ ఉంది. వారానికి మూడు రోజులు బండి మీద వచ్చి జంతువులను చూసి వెళతాడు. ఆయన పక్కన శ్రీధర్. ఈ పక్కన, తలుపుకు దగ్గరగా, నూజివీడు మామిడికాయల వ్యాపారి పాండురంగారావు.

జంతువుల మీద ప్రయోగాలు చేసే ప్రతి చోటా ఇలాంటి కమిటీ ఉండాలి. అందులో సైన్సుతో సంబంధం లేని బయటి మనిషి ఒకరు ఉండాలి. మామూలు జనం తరఫున చూడటానికి. నాలుగేళ్ళుగా ఆ కుర్చీ పాండురంగారావుది. ఏడాదికి రెండుసార్లు వస్తాడు, ఇడ్లీ తిని, కాఫీ తాగి, చూపించిన చోట సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. ఇవాళ ఇడ్లీ ముట్టుకోలేదు. బల్ల మీద ఆయన ఫోను బర్రున కొట్టుకుంటూనే ఉంది. జంక్షన్‌లో రెండు లారీలు ఆయన మాట కోసం ఆగి ఉన్నాయి.

శ్రీధర్ తను తెచ్చిన కాగితం చదివాడు. ఆ శుక్రవారం చంపాల్సినవి ప్రయోగంలో ఉన్న ఎలుకలు కావు, అవసరానికి మించి పుట్టినవి. శిక్షణ పొందిన పరిశోధకురాలు నియమం ప్రకారం గ్యాస్ ఇచ్చింది. అటెండరు సమయం పూర్తికాకముందే పెట్టెలోంచి తీసి సంచిలో వేసింది. ఆమెను పని నుంచి తప్పించాలని సిఫారసు.

డైరెక్టరు మేడమ్ ఇన్నమ్మ వైపు చూశారు. "నువ్వేమంటావు?"

"నేను పెట్టె ముట్టుకోలేదండి. హరితమ్మగారు ట్రేలో పెట్టి ఇచ్చారు, నేను సంచిలో వేశానండి. మూతి కడుతుంటే కదిలిందండి. అంతేనండి."

"కదిలిందని నువ్వు చూడబట్టే తెలిసింది. అది కాదనడం లేదు," అన్నాడు శ్రీధర్.

ఇన్నమ్మ హరిత వైపు చూడనైనా లేదు. చూసి ఉంటే బాగుండేది అనిపించింది హరితకు.

"అయితే మినిట్స్ రాసేద్దామా?" అన్నారు మేడమ్.

పాండురంగారావు ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఒక్క నిమిషం మేడమ్. నాకు అర్థం కానిది ఒకటుంది." ఆయన హరిత వైపు తిరిగాడు. "అమ్మాయ్, నేను కాయల వాణ్ణి. కాయ ముదిరిందో లేదో భుజాలు నిండాయా అని చూసి, తొడిమ దగ్గర చూసి చెబుతాను. నా గుమస్తాకు అది రావడానికి రెండు సీజన్లు పట్టింది. ఎలుక చచ్చిందో లేదో మీరేం చూసి చెబుతారు?"

హరిత శ్రీధర్ వైపు చూసి చూపు తిప్పుకుంది.

"కదలదు సార్," అంది హరిత.

"నిద్రపోయినా కదలదుగా తల్లీ."

"ఊపిరి... ఊపిరి ఆగిపోతుంది."

"ఆగిందని ఎంతసేపు చూస్తారు? దేనితో చూస్తారు? నువ్వు శుక్రవారం ఎలా చూశావో అదే చెప్పు."

రిజిస్టరులో ఐదు గళ్ళున్నాయి. గుండె, ఊపిరి, కంటి కదలిక, ఇంకో రెండు. ఐదింట్లోనూ టిక్కులు పెట్టింది. ఆరు ఎలుకలకూ ముప్పై టిక్కులు. పేరు చదివి పెట్టింది తప్ప ఒక్కటి కూడా చేసి చూడలేదు. ఎలా చూడాలో ఆమెకు ఎవరూ చూపించలేదు.

"చెప్పమ్మా, పర్లేదు," అన్నాడు ప్రేమ్‌చంద్, మెల్లగా.

పాండురంగారావు ఇన్నమ్మ వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

ఇన్నమ్మ డైరెక్టరు మేడమ్ వైపు చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. ఆవిడ తలూపారు.

"ముందు కాళ్ళ సందున వేళ్ళు పెట్టి పట్టుకుంటే గుండె తెలుస్తుందండి. లేదనుకున్నా వెంటనే వదలకూడదండి. ఆగి మళ్ళా సూడాలి. దూది పోచ కంటికి తాకిస్తే రెప్ప ఆడకూడదు. ఇవన్నీ అయ్యాక కూడా డాక్టరుగారు ఇంకో పని చేస్తారండి, మళ్ళీ లేవకుండా. అది నేను చెయ్యకూడదు." ట్రే పట్టుకున్నట్టు చేతులు చాపింది. "డాక్టరుగారు చేస్తుంటే పక్కన ట్రే పట్టుకుని నిలబడేదాన్ని కదండీ. సూశాను."

"ఎవరూ నేర్పకుండా ఆవిడకు తెలిసింది," అన్నాడు పాండురంగారావు. "నేర్పామని కాగితం ఉన్నమ్మాయికి తెలీలేదు. ఇప్పుడు ఆ కాగితం చూపించండి."

శ్రీధర్ కదల్లేదు. మేడమే ఫైలు తిప్పి సర్టిఫికెట్టు బయటికి తీసి చదివారు. ప్రయోగశాల జంతువులను పట్టుకోవడం, సూది వేయడం, బాధలేకుండా చంపడం. రెండు రోజుల ప్రత్యక్ష శిక్షణ. ఫిబ్రవరి పన్నెండు, పదమూడు తేదీలు.

ఆ తేదీలు విన్నప్పుడు హరిత లేచి నిలబడింది. తను లేచిందన్న సంగతి ఆమెకు తర్వాత తెలిసింది.

"ఆ రెండు రోజులూ నేను చాట్రాయి తోటల్లో ఉన్నాను మేడమ్. మందు కొట్టిన చెట్ల పూత శాంపిల్స్ కోయడానికి. శ్రీధర్ సారే పంపించారు. జీపు లాగ్ బుక్‌లో నా సంతకం ఉంటుంది." ఆమె సర్టిఫికెట్టు వైపు వేలు చూపించింది. "నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. ప్రాజెక్టుకు అనుమతి రావాలంటే సర్టిఫికెట్టు కావాలన్నారు, తీసుకున్నాను. అడగొచ్చు. నేర్పండి అని అడగొచ్చు. చేతకాదంటారేమోనని అడగలేదు."

"హరితా, కూర్చో," అన్నాడు శ్రీధర్.

"శుక్రవారం గ్యాస్ తిప్పి నేను బయటికొచ్చేశాను. చూడలేకపోయాను. ఫోన్‌లో అలారం పెట్టుకుని వరండాలో నిలబడ్డాను. అలారం మోగాక లోపలికెళ్ళి వాల్వు కట్టేసి, కదలట్లేదని ట్రేలోకి తీశాను. టిక్కులు పెట్టాను. ఇన్నమ్మక్క ఏం చేయలేదు. ఆవిడ సంచి విప్పకపోతే అది ఫ్రీజర్‌లోకి వెళ్ళేది. బతికుండగానే."

చివరి మాట అన్నాక ఆమె కూర్చుంది. పాండురంగారావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

మేడమ్ సర్టిఫికెట్టు ప్రేమ్‌చంద్ ముందుకు తోశారు. "శిక్షణ ఇచ్చినట్టు మీ సంతకం ఉంది డాక్టర్."

"నాదే," అన్నాడు ప్రేమ్‌చంద్. ఆయన ముఖం మీదికి రక్తం పొంగింది. "శ్రీధర్‌గారు ఖాళీ సర్టిఫికెట్లు పదిహేను ఒకేసారి తెచ్చి సంతకాలు పెట్టించుకున్నారు. క్లాసు తేదీ తర్వాత చెబుతామన్నారు. చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇక్కడ ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు కదా అన్న ధైర్యంతో ఊరుకున్నాను. తప్పు."

"పదిహేనులో ఎన్ని వాడారు?"

శ్రీధర్ తల ఎత్తకుండా చెప్పాడు. "పన్నెండు."

అంటే ఈ భవనంలో జంతువులను తాకుతున్న పన్నెండు మందీ హరిత లాంటి వాళ్ళే.

"నాలుగేళ్ళ నుంచి ఈ కమిటీలో సంతకాలు పెడుతున్నాను," అన్నాడు పాండురంగారావు. "ఒక్కటి చదవలేదు. పెద్ద చదువుల వాళ్ళు, వాళ్ళకు తెలీదా అనుకున్నాను. మామూలు జనం తరఫున కూర్చోబెట్టారు నన్ను. మామూలు మనిషి అడిగే మాటే నాలుగేళ్ళూ అడగలేదు." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ముందు ఒక్క వాక్యం రాయండి మేడమ్. ఇన్నమ్మ తప్పేమీ లేదని. రాసి పైకి చదవండి. ఆవిడ వినాలి. ఆ తర్వాత మిగతావి."

మేడమ్ రాసి చదివారు. ఇన్నమ్మ చేతులు జోడించి, ఎవరికి దండం పెట్టాలో తెలియక అందరికీ కలిపి పెట్టింది. శ్రీధర్ కాగితాలు సర్దుకుని ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడిచాడు. శిక్షణ పూర్తయ్యేవరకూ ఆ పన్నెండు మందీ జంతువులను ముట్టుకోకూడదని, పూతమందు ప్రయోగం అక్కడికక్కడే ఆపాలని, జరిగింది పైవాళ్ళకు రాతపూర్వకంగా తెలియజేయాలని తీర్మానం అయింది. హరిత మీద చర్య తర్వాత నిర్ణయిస్తారు.

*

మధ్యాహ్నం మూడింటికి ప్రేమ్‌చంద్ హరితను జంతువుల గదికి పిలిచాడు.

మూల పంజరంలో ఒక ముసలి ఆడ ఎలుక. దాని చంక కింద నిమ్మకాయంత గడ్డ. నడవబోతే గడ్డ నేలకు రాసుకుంటోంది. తినడం మానేసి రెండు రోజులైంది.

"దీన్ని ఇవాళ పంపించేయాలి," అన్నాడు. "నువ్వు ముట్టుకోవద్దు. నిలబడి చూడు. మొదటి నుంచి చివరిదాకా. కళ్ళు తిప్పావంటే మళ్ళీ ఈ గదిలోకి రానివ్వను."

ఆయన ఎలుకను వేరే పెట్టెలోకి మార్చలేదు. అది పడుకున్న పంజరం మీదనే గ్యాస్ మూత పెట్టాడు. తెలిసిన చోటైతే బెదరదు. వాల్వును కొద్దికొద్దిగా తిప్పాడు. ఒక్కసారిగా వదిలితే దాని ముక్కు మండుతుందని చెప్పాడు. శుక్రవారం తను వాల్వును ఎంత తిప్పిందో హరితకు గుర్తుకొచ్చింది. పూర్తిగా. తొందరగా అయిపోవాలని.

ఎలుక తల ఎత్తి గాలిని వాసన చూసింది. రెండడుగులు వేసింది. ఒక పక్కకు ఒరిగింది. ఊపిరి వేగంగా ఆడింది, తర్వాత దూరం దూరంగా, తర్వాత ఆగింది.

"చచ్చిందా?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"తెలీదు సార్."

"ఆ మాట శుక్రవారం అనుండాల్సింది."

ఆయన వాల్వు కట్టలేదు. చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఆ నిమిషాలు హరితకు గడవలేదు. మూత తీశాక ఎలుక ఎదురొమ్ము మీద స్టెతస్కోపు పెట్టాడు. విని, చెవుల్లోవి తీసి హరితకు ఇచ్చాడు. ఏమీ వినపడలేదు. ఏమీ వినపడకపోవడం ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి విన్నది. దూది పోచ కంటికి తాకించాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ విన్నాడు. ఆ తర్వాత మెడ దగ్గర చేయాల్సిన రెండో పని తనే చేశాడు. చిన్న చప్పుడైంది. హరిత కళ్ళు తిప్పలేదు.

"దీనితో మనకు పని ఉంటుంది. మనతో దీనికి ఏ పనీ లేదు," అన్నాడు చేతులు కడుక్కుంటూ. "కనీసం చివరిదాకా పక్కన నిలబడాలి. అది కూడా చేయలేనివాళ్ళు ఈ పనికి రాకూడదు."

హరిత తలూపింది. ఇన్ని నెలల్లో ఈ భవనంలో తనకు నిజంగా ఏదైనా నేర్పింది ఈయనొక్కడే అనుకుంది. రేపటి నుంచి రోజూ రమ్మంటే రోజూ రావాలనుకుంది. ఏ శిక్ష వేసినా సరే, ఈయన దగ్గర నేర్చుకున్నాకే వెళ్ళాలనుకుంది.

*

ఐదింటికి గేటు బయట బస్సు కోసం హరిత, ఇన్నమ్మ నిలబడ్డారు. కాయలు నింపుకున్న లారీలు నూజివీడు వైపు వరసగా పోతున్నాయి. వాటి వెనక దుమ్ము, పచ్చికాయ సొన వాసన.

"నన్ను క్షమించండి ఇన్నమ్మక్కా. ఆదివారమే చెప్పాల్సింది. పొద్దున మెట్ల కింద కూడా ఊరుకున్నాను."

"చెప్పావుగా అమ్మా. అందరి ముందూ చెప్పావు." ఇన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు అంత ఇదైపోకు. అది నీ ఒక్కదాని చేతిలోనే జరగలేదు."

"అంటే?"

"నేను ప్రతి సంచీ విప్పి చూస్తానమ్మా. కట్టే ముందు చెయ్యి పెట్టి తడుముతాను. ఊరికే కాదు." రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "శుక్రవారంది ఐదోది."

హరిత భుజం మీది బ్యాగు జారి మోచేతి దగ్గర ఆగింది. "నాలుగు... ఇంతకు ముందు నాలుగా? ఎవరికైనా చెప్పారా?"

"మొదటిది దొరికిన రోజే చెప్పాను. పోయిన దసరా ముందు. డాక్టరుగారికి."

"ప్రేమ్‌చంద్ సార్‌కా?"

"ఆయనకే. వచ్చి దాన్ని చూశారు. ఏడ్చినంత పని చేశారమ్మా, అబద్ధం ఆడకూడదు. ఎవరికీ చెప్పొద్దన్నారు. మళ్ళీ దొరికితే నాకే ఫోన్ చెయ్యి, నేను చూసుకుంటానన్నారు. చేసినప్పుడల్లా జంక్షన్ నుంచి వచ్చేవారు. శుక్రవారం ఆయన లోపలే ఉన్నారు. కానీ పక్కన నలుగురు చూశారు కదా, దాగలేదు."

ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు కదా అన్న ధైర్యంతో. పొద్దున హాల్లో, అందరి ముందూ, ముఖం ఎర్రబడగా ఆయన అన్న మాట అది. ఆ సిగ్గు నిజమేనని అప్పుడు నమ్మింది హరిత.

గేటు లోపల నుంచి మోటార్ సైకిల్ చప్పుడు వినిపించింది. ప్రేమ్‌చంద్ బండి వాళ్ళ పక్కకు తెచ్చి ఆపాడు. హెల్మెట్ అద్దం పైకెత్తాడు.

"నూజివీడే కదా హరితా? ఎక్కు, దింపేసి వెళతాను. రేపు పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడదాం. ముందు పట్టుకోవడం నేర్చుకుందువుగాని."

హరిత కదల్లేదు. ఇన్నమ్మ ఆమె మోచేయి పట్టుకుని గట్టిగా నొక్కింది, ఏమీ అడగొద్దన్నట్టు.

"ఆ నాలుగూ ఎవరెవరి చేతుల్లో జరిగాయి సార్?" అంది హరిత.

ప్రేమ్‌చంద్ ఇన్నమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. ఆయన బండి ఇంజను ఆపేశాడు. హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు.

"నాలుగు కాదు హరితా," అన్నాడు. "నాలుగు ఇన్నమ్మకు దొరికినవి మాత్రమే."